హజ్రత్ హమ్నా బిన్త్ జహ్ష్ (రజి) అడిగిన ప్రశ్న

దైవప్రవక్త ముహమ్మద్ (స) గారి మేనత్త ఉమైమా కుమార్తె హజ్రత్ హమ్నా (రజి). విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ (రజి) ఈమె తోబుట్టువు. భర్త హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి). మదీనా వాసులకు ఖుర్ఆన్ నేర్పడానికి హిజ్రత్‌కు ముందే వెళ్ళిన సహాబీ ఆయన.

హిజ్రీ 3 (క్రీ.శ. 625)లో ఉహుద్ యుద్ధం జరిగింది. హమ్నా (రజి) ఆ మైదానంలో దప్పికగొన్నవారికి నీళ్ళు అందించారు, గాయపడినవారికి కట్లు కట్టారు. ఆ ఒక్కరోజే ఆమె ముగ్గురిని పోగొట్టుకున్నారు. సోదరుడు అబ్దుల్లాహ్ (రజి), మేనమామ హమ్జా (రజి) షహీదయ్యారని విన్నప్పుడు ఓర్చుకుని దుఆ చేశారు. ముస్అబ్ (రజి) పేరు వినగానే మాత్రం ఆపుకోలేక ఏడ్చేశారు. తర్వాత హజ్రత్ తల్హా (రజి)తో నికాహ్ జరిగింది. ముహమ్మద్, ఇమ్రాన్ అనే కొడుకులు పుట్టారు.

ఇంతటి ధైర్యవంతురాలిని ఒక జబ్బు బాధించింది. రక్తస్రావం ఆగకుండా, చాలా ఎక్కువగా అయ్యేది. నమాజు, రోజా ఏమైపోతాయన్నదే ఆమె దిగులు. జైనబ్ (రజి) ఇంట్లో ఉన్న దైవప్రవక్త (స) దగ్గరికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పేశారు. ఆయన దూది వాడమన్నారు. అది చాలదన్నారు ఆమె. గుడ్డ కట్టుకోమంటే, దానికీ ఆగదని, ధారగా పోతోందని విన్నవించారు. (దూదేకుల కుటుంబాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఈ దూది మాట వింటే పాతకాలపు ఆడవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.)

ఆయన విసుక్కోలేదు, మాట తప్పించలేదు. ఆమెకు రెండు మార్గాలు చెప్పారు. మామూలు స్త్రీలకు అయినట్టే నెలలో ఆరు లేక ఏడు రోజులు బహిష్టుగా లెక్కించి, గుసుల్ చేసి, మిగిలిన 23 లేక 24 రోజులు నమాజు చేస్తూ ఉపవాసాలు పాటించడం ఒకటి. శక్తి ఉంటే జుహర్‌ను ఆలస్యం చేసి అస్ర్‌తో, మగ్రిబ్‌ను ఆలస్యం చేసి ఇషాతో కలిపి, ఒక్కో జతకు ఒక గుసుల్, ఫజ్ర్‌కు ఒక గుసుల్ చేయడం రెండవది. ఇదే సమస్యతో వచ్చిన ఫాతిమా బిన్త్ అబీ హుబైష్ (రజి)కు, అది బహిష్టు కాదనీ, ఒక నరం నుంచి వచ్చే రక్తమనీ వివరించారు.

దీనినే ఇస్తిహాజా అంటారు. మన ఇళ్ళలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం బహిష్టు 3 రోజులకు తగ్గదు, 10 రోజులకు మించదు. రెండు బహిష్టుల మధ్య కనీసం 15 రోజుల శుద్ధి ఉండాలి. 10 రోజులు దాటితే, ఇదివరకటి అలవాటు రోజులు బహిష్టు, మిగతాది ఇస్తిహాజా. ఇస్తిహాజాలో శుభ్రపరచుకుని ప్రతి నమాజు వేళకూ ఉజూ చేసి నమాజు చేయాలి.

ఇది తెలియక మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ఎందరో తల్లులు మచ్చ కనబడినన్నాళ్ళూ నమాజు వదిలేస్తారు. బహిష్టు రోజుల నమాజులకు ఖజా లేదు. ఇస్తిహాజాలో వదిలినవాటికి మాత్రం ఉంది. అందుకే కేలండరులో మొదలైన తేదీ, ఆగిన తేదీ రాసుకోమని మేము చెబుతుంటాం. ఆ కాగితం ఆలిమ్‌కూ పనికొస్తుంది, డాక్టరమ్మకూ పనికొస్తుంది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడానికి సిగ్గెందుకు? రజస్వల అయిన తొలి ఒకటి రెండేళ్ళు, ముట్లుడిగే ముందు కొన్నేళ్ళు నెలసరి తప్పుతూ రావడం మామూలే. థైరాయిడ్, అండాశయంలో నీటిబుడగలు, గర్భసంచిలో గడ్డలు, కాన్పులు ఆపే మాత్రలు, సూదులు కూడా మధ్యలో మచ్చలకు కారణం కావచ్చు. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, కళ్ళు తిరుగుతున్నా, గర్భంతో ఉండగా రక్తం కనబడినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క మచ్చ పడినా తప్పక పరీక్ష చేయించుకోవాలి, అది క్యాన్సరు సూచన కావచ్చు. నెలనెలా ఎక్కువగా పోయేవారు రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. పాలిపోయిన ముఖాన్ని పనివల్ల వచ్చిన అలసట అనుకుని ఏళ్ళు గడిపేవారిని మేము చూస్తూనే ఉన్నాం.

హమ్నా (రజి) సంగతి అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ఆమె నోట విని ఆ హదీసును మనదాకా అందించింది ఆమె కన్నకొడుకు ఇమ్రానే.