బ్లూస్ సంగీత పితామహుడు డబ్ల్యూ.సి. హ్యాండీ

చదువుకున్నవారు తమ జాతి జనుల పాటను చులకనగా చూసే కాలంలో, ఆ పాటను కాగితం మీదికి ఎక్కించి, లోకం చేత గౌరవింపజేసిన కళాకారుడు విలియం క్రిస్టఫర్ హ్యాండీ. కళాశాలలో బ్యాండు నాయకుడుగా, కార్నెట్ వాద్య విద్వాంసుడుగా పేరు గడించి, చివరకు బ్లూస్ పితామహుడుగా ప్రసిద్ధికెక్కిన ఈయన జీవితం ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ, విద్యార్థులకూ ఆలోచింపదగినది.

హ్యాండీ 1873 నవంబరు 16వ తేదీన అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, ఫ్లారెన్స్ పట్టణంలో, తాతగారు నిర్మించిన దుంగల ఇంట జన్మించాడు. ఆ దేశంలో బానిసత్వం రద్దయి అప్పటికి ఎనిమిదేళ్లే గడిచాయి. తాత, తండ్రి ఇరువురూ క్రైస్తవ మతబోధకులు. ప్రార్థనా గీతాలు తప్ప తక్కిన సంగీతమంతా మనిషిని పతనానికి ఈడ్చేదని తండ్రి విశ్వాసం. బాలుడు అడవి పండ్లు ఏరి అమ్మి, సబ్బు కాచి అమ్మి, పైసా పైసా కూడబెట్టి గిటారు కొని తెచ్చాడు. తండ్రి దానిని అంగడికి తిప్పి పంపి, బదులుగా ఒక పెద్ద నిఘంటువు తెమ్మన్నాడు. కొడుకును మందలించి ఊరుకోక, ఆర్గన్ వాద్యం నేర్పించే ఏర్పాటు కూడ చేశాడు.

హ్యాండీకి నిజమైన స్వరజ్ఞానం లభించింది పాఠశాలలోనే. ఫిస్క్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన వై.ఏ. వాలెస్ అనే ఉపాధ్యాయుడు, ఏ వాద్యమూ లేకుండానే, మన సరిగమల వంటి డో రే మీ స్వరాలతో పిల్లల చేత ప్రతిదినం గానం చేయించేవాడు. పక్షుల కూతలను, వాగు గలగలలను సైతం స్వరాలుగా గుర్తించగల చెవి ఆ శిక్షణ వల్ల హ్యాండీకి అబ్బింది. అయితే సంగీతాన్ని వృత్తిగా స్వీకరించేవారి పట్ల ఆ గురువుకూ సదభిప్రాయం లేదు. అందుచేత ట్రంపెట్‌ను పోలిన కార్నెట్ అనే చిన్న ఇత్తడి వాద్యాన్ని హ్యాండీ రహస్యంగా సంపాదించి సాధన చేశాడు. ఇనుము కరిగించే కొలిమిలో పనిచేస్తూ, అక్కడి కూలీలు పారలను తాకిస్తూ వేసే తాళాలను శ్రద్ధగా విన్నాడు.

1892లో బర్మింగ్‌హామ్ నగరంలో ఉపాధ్యాయ పరీక్షలో ఉత్తీర్ణుడైనా, బడిపంతులు జీతం స్వల్పమని తెలిసి బెస్సెమర్‌లోని గొట్టాల కర్మాగారంలో చేరాడు. పిమ్మట నలుగురు గాయకులతో ఒక బృందాన్ని కూర్చుకొని షికాగో ప్రపంచ ప్రదర్శనకు బయలుదేరాడు. ప్రదర్శన మరుసటి ఏటికి వాయిదా పడిందని అక్కడకు చేరిన తరువాతనే తెలిసింది. బృందం చెదిరిపోయింది. సెయింట్ లూయిస్‌లో చేతిలో కాసు లేక మిసిసిపీ నది రేవు రాళ్లపై పడుకున్న రాత్రులు ఆయన మనసులో చెరగని ముద్ర వేశాయి. 1896లో సంచార ప్రదర్శన బృందమైన మహారా మిన్‌స్ట్రెల్స్‌లో వారానికి ఆరు డాలర్ల జీతంపై చేరి, అనతికాలంలోనే బ్యాండు నాయకుడై, కార్నెట్ వాదనంతో ఊరూరా పేరు పొందాడు. ఆ బృందంతో 1900లో క్యూబా దాకా వెళ్లాడు.

అదే సంవత్సరం హంట్స్‌విల్ సమీపంలోని నల్లజాతి వారి వ్యవసాయ, యాంత్రిక కళాశాలకు బ్యాండు నాయకుడుగా, సంగీతాచార్యుడుగా నియమితుడయ్యాడు. నేటి అలబామా ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం అదే. దాని అధ్యక్షుడు విలియం హూపర్ కౌన్సిల్ బానిసగా పుట్టి, స్వయంకృషితో విద్యావేత్త అయిన వ్యక్తి. అయినా అక్కడ ఐరోపా సంగీతానికే పెద్దపీట. నల్లజాతి వారు సృష్టించిన రాగ్‌టైమ్ వంటి బాణీలు కళాశాల వేదికకు తగవని పెద్దల అభిప్రాయం. హ్యాండీ ఒక యుక్తి పన్నాడు. ఒక రాగ్‌టైమ్ రచనకు, హైతీ విముక్తి వీరుడు తుసేన్ లూవెర్త్యూర్‌కు నివాళి అనే అర్థం వచ్చే గంభీరమైన పేరు తగిలించి వాయింపజేశాడు. పేరు మార్చిన ఆ రచనను అధ్యక్షుడు సైతం ఆనందంగా ఆలకించాడు. రెండేళ్ల అనంతరం, 1902లో, హ్యాండీ ఆ కొలువు విడిచిపెట్టాడు.

అయితే తన వారి సంగీతపు లోతు ఆయనకూ అప్పటికి పూర్తిగా తెలియదు. 1903 ప్రాంతంలో మిసిసిపీ రాష్ట్రంలో బ్యాండు నడుపుతూ, ఒక రాత్రి టట్‌వైలర్ రైలు స్టేషనులో కునికిపాట్లు పడుతుండగా, పక్కనే చింపిరి బట్టల మనిషి గిటారు తీగలపై కత్తి నొక్కి వాయిస్తూ, ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ పాడడం విన్నాడు. అటువంటి నాదం అంతకుముందు ఆయన వినియుండలేదు. తరువాత క్లీవ్‌లాండ్ అనే చిన్న ఊరిలో ఆయన బృందం విరామమిచ్చినపుడు, ముగ్గురు స్థానికులు పాత వాద్యాలతో తమ పాట వినిపించారు. శ్రోతలు వారిపై నాణేలు కురిపించారు. ఆ మొత్తం హ్యాండీ బృందానికి ఆ రాత్రికి ముట్టే ప్రతిఫలాన్ని మించిపోయింది. చదువు నేర్పని పాఠం ఆయన ఆనాడు నేర్చుకున్నాడు.

ఆ పాటల తీరును ఆయన నిశితంగా పరిశీలించాడు. మొదటి పాదాన్ని రెండుమార్లు పాడి మూడవ పాదంతో ముగించడం, పన్నెండు ఆవర్తాల చట్రం, గాంధార నిషాదాలను కొంచెం దించి పలకడం — వీటిని స్వరలిపిలో బంధించాడు. మెంఫిస్ నగరంలో స్థిరపడి 1912లో మెంఫిస్ బ్లూస్ వెలువరించాడు. అయితే దాని హక్కులను చిన్న మొత్తానికి వదులుకోవడంతో లాభమంతా పరుల పాలయింది. ఆ హక్కులు తిరిగి చేతికి రావడానికి 1940 దాకా ఆగవలసి వచ్చింది. ఆ దెబ్బతో మెలకువ తెచ్చుకొని, హ్యారీ పేస్‌తో కలిసి సొంత ప్రచురణ సంస్థ నడిపాడు. 1914లో వెలువడిన సెయింట్ లూయిస్ బ్లూస్‌లో నదీతీరపు జ్ఞాపకాలు, క్యూబాలో విన్న లయలు, స్వజనుల విషాదం ఏకమయ్యాయి. 1925లో బెస్సీ స్మిత్ గానం, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ ఆ రచనను చిరస్థాయిగా నిలిపాయి. 1928లో న్యూయార్కులోని కార్నెగీ హాలులో హ్యాండీ నల్లజాతి సంగీతాన్ని సభకెక్కించాడు.

వృద్ధాప్యంలో కష్టాలు చుట్టుముట్టాయి. 1943లో భూగర్భ రైలు స్టేషనులో జారిపడి చూపును పూర్తిగా కోల్పోయాడు. 1958 మార్చి 28న తన 84వ ఏట కన్నుమూశాడు. అంతిమ యాత్రనాడు హార్లెమ్ వీథులు జనసంద్రమయ్యాయి. 1969లో అమెరికా ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది. ఫ్లారెన్స్‌లోని ఆయన జన్మగృహం మ్యూజియంగా రూపొందింది.

బ్లూస్‌ను హ్యాండీ సృష్టించలేదు. పేరైనా తెలియని కూలీలు, బాటసారులు, గుడ్డి గాయకులు దానిని సృష్టించారు. ఆ సంగతిని ఆయనెన్నడూ దాచలేదు. ఆయన వినెను, వ్రాసెను, భద్రపరచెను. వాలెస్ పంతులు నేర్పిన స్వరజ్ఞానం లేనిదే ఆ వ్రాత సాధ్యమయ్యేది కాదు. రైలు స్టేషనులోని ఆ అనామకుని పాట లేనిదే వ్రాయడానికి ఏమీ ఉండేది కాదు. పాఠశాల ఇచ్చిన విద్యతో తన జనుల సొత్తును నిలబెట్టుకున్న హ్యాండీ జీవితం, మాతృభాషలో విద్య గరపే ప్రతి విద్యాలయానికీ ఆదర్శప్రాయం.