చాకలి పద్దు నుంచి సోలార్ సెల్ దాకా

చదువు మధ్యలో ఆగింది. ఇంటి భారం మీద పడింది. చేతిలో పైసా లేదు. అలాంటి పరిస్థితుల్లో ఓ కుర్రాడు పట్టుకున్న సూత్రం, సోలార్ సెల్స్‌ను సిరాతో అచ్చు వేసే ఇవాళ్టి ల్యాబుల్లోనూ పనికొస్తోంది. ఆయనే అలోయిస్ సెనెఫెల్డర్. లితోగ్రఫీ, అంటే రాతి అచ్చు, ఆయన కనిపెట్టిందే.

అన్నీ ఎదురుదెబ్బలే

సెనెఫెల్డర్ 1771లో ప్రేగ్‌లో పుట్టాడు, మ్యూనిక్‌లో పెరిగాడు. తండ్రి రంగస్థల నటుడు. ఇంగోల్‌స్టాట్‌లో లా చదువుతుండగా 1791లో తండ్రి చనిపోయాడు. తల్లి, తోబుట్టువులతో పెద్ద కుటుంబం. దాంతో కాలేజీ మానేసి నాటకాల బాట పట్టాడు. రాసిన నాటకాన్ని అచ్చు వేయిస్తే ఖర్చులు కూడా సరిగా రాలేదు. పోనీ సొంతంగా అచ్చు వేసుకుందామంటే రాగి రేకులు కొనే స్తోమత లేదు. డబ్బు కోసం మరొకరి బదులు సైన్యంలో చేరబోతే, పుట్టింది ప్రేగ్‌లో కాబట్టి పరాయివాడంటూ తిప్పి పంపేశారు.

రాయే పలక

రాగికి బదులు బవేరియాలో చవగ్గా దొరికే సున్నపురాయి మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1796లో ఓ రోజు బట్టలు ఉతికే ఆమె వచ్చి నిలబడింది. పద్దు రాయడానికి ఇంట్లో కాగితం ముక్క లేదు. మైనం, సబ్బు, దీపపు మసి కలిపి తయారుచేసుకున్న సిరాతో ఆ పద్దును రాతి మీదే గీసేశాడు. తర్వాత దానిమీద యాసిడ్ పోసి చూస్తే, సిరా ఉన్నచోట రాయి కరగలేదు. అక్షరాలు కాస్త ఉబ్బెత్తుగా నిలిచాయి.

చాలామంది అక్కడితో ఆగిపోయేవారేమో. ఆయన ఇంకో రెండేళ్లు తవ్వుకుంటూ పోయాడు. అసలు అక్షరం ఉబ్బాల్సిన పనే లేదని తేలింది. జిడ్డు సిరాతో గీసి, రాయిని నీటితో తడిపితే చాలు. జిడ్డున్నచోట సిరా అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటదు. చెక్కడాలు లేవు, గుంతలు లేవు. అంతా కెమిస్ట్రీయే!

1799లో బవేరియా ప్రభుత్వం ఈ పద్ధతిపై ఆయనకు ప్రత్యేక హక్కులిచ్చింది. 1809లో, దాదాపు 38 ఏళ్ల వయసులో, మ్యాపుల ముద్రణలో ఇన్‌స్పెక్టర్‌గా స్థిరమైన సర్కారీ కొలువు దొరికింది. 1818లో తన పద్ధతినంతా పుస్తకంగా రాసి, నలుగురికీ అందించాడు. 1834లో కన్నుమూశాడు. మన ఇళ్ల గోడలెక్కిన రవివర్మ దేవుడి బొమ్మలు ఆ రాతి అచ్చు చలవే.

సోలార్‌తో లింకేంటి?

సోలార్ సెల్‌ను ఎవరూ రాతి మీద అచ్చు వేయరు. కానీ చిక్కు అదే: సిరా ఎక్కడ అంటాలి, ఎక్కడ అంటకూడదు? మామూలు సిలికాన్ సెల్‌పై కనిపించే సన్నటి వెండి గీతలు స్క్రీన్ ప్రింటింగ్‌తో వేసినవే. కొన్ని థిన్ ఫిల్మ్ సెల్స్‌లో ఇంకో అడుగు ముందుకేసి, కాంతిని పట్టే పదార్థాన్నే సిరాగా మారుస్తారు. సన్నటి చీలిక గుండా ఆ సిరాను వదిలి గాజు మీదో, ప్లాస్టిక్ రోల్ మీదో పరిచేది స్లాట్-డై పద్ధతి. కావాల్సిన చోట చుక్కలుగా వేసేది ఇంక్‌జెట్. పెరోవ్‌స్కైట్ సెల్‌లో ఆ పొర మందం సుమారు అర మైక్రాన్. అంటే మన వెంట్రుక కంటే వంద రెట్లకు పైగా పల్చన. సిరా సరిగా పరుచుకోకపోతే పొరలో సూదిమొన చిల్లులు పడతాయి, అక్కడ కరెంటు లీకవుతుంది. ల్యాబులో గోరంత సెల్ బాగా పనిచేసినా, మీటర్ల కొద్దీ అచ్చు వేసేటప్పుడు ఇక్కడే తంటా.

అందుకే ఈ రంగం ఎలక్ట్రికల్ వాళ్లకే సొంతం కాదు. కెమిస్ట్రీ, మెటీరియల్స్, మెకానికల్, ప్రింటింగ్ టెక్నాలజీ చదివినవాళ్లకూ ఇందులో పని ఉంది. సర్ఫేస్ టెన్షన్, స్నిగ్ధత లాంటి చాప్టర్లను పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేయకండి. సెనెఫెల్డర్ చేతిలో డిగ్రీ లేదు, పెట్టుబడీ లేదు. సిరా ఎందుకు అంటుతోందో, ఎందుకు అంటడం లేదో తేలేదాకా వదలని పట్టుదల ఉంది. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగితే, ఏం చేశారో చెప్పి ఊరుకోకండి. అది ఎందుకలా పనిచేసిందో కూడా చెప్పగలిగేలా సిద్ధమవ్వండి.