జిమ్ క్లార్కు

1960వ సంవత్సర ప్రాంతమున ఐరోపా ఖండమందు జరిగిన కారు పందెముల ఛాయాచిత్రములను చూచువారికి మొదట కనబడునవి తళతళలాడు కార్లు, విజేత మెడలోని ఆకులదండ, ప్రేక్షకుల కోలాహలము. నిదానించి చూచినచో మరికొన్ని విషయములు గోచరించును. బాటకు చేరువనే చెట్లు, గుంటలు కలవు. మలుపులయందు అడ్డుగా నున్నవి గడ్డిమోపులు మాత్రమే. ఛాయాగ్రాహకులు కంచె యేదియు లేక బాట యంచుననే నిలిచియుందురు. చోదకుని ఆసనమునకు బంధించు పట్టీలు లేవు. ఆనాటి చిత్రములలో తరచుగా అగుపించు ముఖము జిమ్ క్లార్కుది.

క్లార్కు 1936 మార్చి 4వ తేదీన స్కాట్లండు దేశమున ఒక రైతు కుటుంబమందు జన్మించెను. నలుగురు ఆడపిల్లల పిమ్మట కలిగిన ఏకైక పుత్రుడగుటచే సేద్యమును, గొర్రెల మందలను అతడే చూచుకొనవలసియుండెను. కారు పందెములనిన తల్లిదండ్రులకు ఇష్టము లేదు. అయినను అతడు చుట్టుప్రక్కల జరుగు చిన్న పందెములలో పాల్గొని పేరు తెచ్చుకొనెను. అతని నేర్పును గుర్తించి కాలిన్ చాప్మన్ అను ఇంగ్లీషు ఇంజనీరు తన లోటస్ సంస్థవారి కార్లను అతనికి అప్పగించెను.

1960లో బెల్జియము నందలి స్పా పందెమున ఇద్దరు యువ చోదకులు మరణించిరి. వారిలో నొకడు క్లార్కు జట్టువాడు. మరుసటి యేడు ఇటలీలోని మోంజాయందు క్లార్కు కారును, మరియొక కారును తాకుకొనెను. ఆ కారు నడుపుచున్న జర్మను చోదకుడు వాన్ ట్రిప్సును, పదిమందికి పైగా ప్రేక్షకులును ప్రాణములు కోల్పోయిరి. క్లార్కు గాయపడలేదు కాని అతని మనస్సు మిక్కిలి కలత చెందెను.

స్పా బాట యనిన అతనికి ఏవగింపు. అయినను 1962 మొదలు 1965 వరకు వరుసగా నాలుగేండ్లు అచ్చట అతడే గెలిచెను. 1963లో జోరువానలో రెండవవానికంటె దాదాపు అయిదు నిమిషములు ముందుగా గమ్యము చేరెను. అతడు కారును అదరింపక, బెదరింపక, మృదువుగా నడిపెడివాడు. 1963, 1965 సంవత్సరములలో ప్రపంచ విజేత యయ్యెను. 1965లోనే అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెమునను గెలిచెను. 1968 జనవరి 1న దక్షిణాఫ్రికాలో తన 25వ గ్రాండ్ ప్రీ విజయమును పొంది, అర్జెంటీనా వీరుడు ఫాంజియో గెలుపుల సంఖ్యను దాటెను.

అదియే అతని తుది గ్రాండ్ ప్రీ విజయము. అదే సంవత్సరము ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమునందు, తడిసిన బాటపై, ఒక చిన్న తరగతి పందెమున అతని కారు దారి తప్పి అడవిలోని చెట్లను ఢీకొనెను. క్లార్కు మరణించెను. అప్పటి కతని వయస్సు 32 సంవత్సరములు. వెనుక చక్రపు టైరులో గాలి తగ్గుటయే కారణమని పలువురు తలచిరి. అనంతరము తీసిన ఛాయాచిత్రములలో ముక్కలైన కారును, చెట్లును కనబడును; వాని నడుమ అడ్డుకట్ట యేదియు కనబడదు.

ఇంతటి నేర్పరికే ఇట్టి గతి పట్టగా తమ మాట యేమని తోటి చోదకులు భీతిల్లిరి. క్లార్కు మిత్రుడును, స్వదేశీయుడును అగు జాకీ స్టీవర్టు 1966లో స్పాయందు పెట్రోలుతో తడిసిన కారులో చాలసేపు చిక్కుకొని బ్రతికి బయటపడినవాడు. అప్పటినుండి ఆసనపట్టీలు, ఉక్కు అడ్డుకట్టలు, వైద్యసహాయము కావలెనని అతడు పట్టుపట్టుచుండెను. అతనిని పిరికివాడని ఎగతాళి చేసినవారు కలరు. క్లార్కు మరణముతో ఆ ఎగతాళికి బలము తగ్గెను. 1970లో చోదకులు భద్రత చాలని నూర్బర్గ్‌రింగు బాటపై పందెమాడ నిరాకరించిరి. ఆ పందెము హాకెన్‌హైమునకు మారెను. అప్పటికి అచ్చటి చెట్లముందు ఉక్కు అడ్డుకట్టలు వెలసియుండెను.

క్లార్కు సమాధి స్కాట్లండులోని చర్న్‌సైడు గ్రామమందు కలదు. ఆ శిలపై అతడు ముందుగా రైతు, తరువాతనే ప్రపంచ విజేత. బాలలారా, పొలమునకు కంచె వేయు రైతును ఎవ్వరును పిరికివాడని అనరు. ప్రాణమునకు కంచె వేయుటయు పిరికితనము కాదు. ఈ సత్యమును లోకము గ్రహించుటకు క్లార్కువంటి వీరుడు బలి కావలసివచ్చెను.