భాస్కరాచార్యుని భిన్నగణితము - దశాంశ విచారము

శాలివాహన శకము 1036వ సంవత్సరమున, అనగా క్రీ.శ. 1114లో భాస్కరాచార్యుడు జన్మించెను. ఈ కాలమును గూర్చి ఊహలు చేయవలసిన పని లేదు. తన జన్మశకమును, ముప్పదియాఱవ యేట సిద్ధాంతశిరోమణిని రచించిన విషయమును ఆయనయే గోళాధ్యాయాంతమున తెలిపియున్నాడు. కావున ఆ గ్రంథకాలము క్రీ.శ. 1150. శాండిల్యగోత్రుడు, సహ్యపర్వత ప్రాంతమందలి విజ్జడవిడ వాస్తవ్యుడు. ఆ గ్రామము నేటి యే గ్రామమను విషయమున పండితులలో ఏకాభిప్రాయము కుదురలేదు. తండ్రియైన మహేశ్వరుడే ఆయనకు గురువు. కూతురు లీలావతి వైధవ్యమును గూర్చిన కథ లోకమున మిక్కిలి వ్యాపించినది గాని, అది 1587లో ఫైజీ రచించిన పారసీకానువాదము ద్వారా వచ్చినది. ఆచార్యుని గ్రంథములలో దానికి ఆధారము లేదు.

ఈ కథవలెనే మఱియొక యపవాదము కూడ ఆచార్యుని జీవితచరిత్రలలో చేరుచున్నది. దశాంశభిన్నములను కనుగొన్నవాడు భాస్కరుడని కొందఱు వ్రాయుచున్నారు. ప్రశంసయే యైనను అసత్యమైనచో అపవాదమే కదా. దశగుణోత్తర స్థానసంఖ్య వేఱు, దశాంశభిన్నము వేఱు. లీలావతిలో ఏకము మొదలు పరార్ధము వఱకు పదునెనిమిది స్థానములు చెప్పబడినవి. అవి యన్నియు ఏకస్థానమునుండి పైకి పోవునవే. ఏకస్థానమునకు క్రిందిగా పదవవంతు, నూఱవవంతు అను స్థానములు అందెచ్చటను లేవు.

భిన్నములను ఆచార్యుడు అంశమును పైనను ఛేదమును క్రిందను ఉంచి వ్రాయును. నడుమ గీత లేదు. పూర్ణసంఖ్యకు ఛేదముగా ఒకటిని ఉంచును. బీజగణితమున అంకెపై బిందువున్నచో అది ఋణసంఖ్యకు గుర్తు. భాగజాతి, ప్రభాగజాతి మున్నగు భేదములు ఆయన కల్పించినవి కావు. క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని గణితసారసంగ్రహముననే అవి కలవు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించుటచే ఆంధ్రులకును ఇవి పరిచితములే.

లీలావతిలోని ప్రభాగజాతి లెక్క యొకటి గమనింపదగినది. ఒక లోభి యాచకునకు ద్రమ్మములో సగమునకు మూడింట రెండు వంతులు, దానిలో ముప్పాతిక, దానిలో అయిదవ వంతు, దానిలో పదునాఱవ వంతు, దానిలో నాలుగవ వంతు ఇచ్చెనట. అంశములను అంశములతోను, ఛేదములను ఛేదములతోను గుణించి అపవర్తించినచో 1280వ వంతు వచ్చును. ఇరువది వరాటకములు ఒక కాకిణి, నాలుగు కాకిణులు ఒక పణము, పదునాఱు పణములు ఒక ద్రమ్మము. అనగా ద్రమ్మమునకు 1280 గవ్వలు. యాచకుని చేతిలో పడినది ఒక్క గవ్వ! దీనినే దశాంశరూపమున వ్రాసినచో 0.00078125 అని ఎనిమిది స్థానములు పట్టును. ఆ నాణెముల వరుసలో ఏ మెట్టునందును గుణకము పది కాదు. వ్యవహారమున అక్కఱ లేనిచోట దశాంశము ఏల పుట్టును? 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూఱు నయాపైసలైనప్పుడు గదా, అణాకు ఆఱుంబావు పైసలను లెక్క మనకును అవసరమైనది.

జ్యోతిషమున వ్యవహారము అఱువదితో జరుగును. భాగహారమున మిగిలిన శేషమును అఱువదిచే గుణించి మరల భాగించినచో కళలు, ఆ శేషమును మరల గుణించి భాగించినచో వికళలు లభించును. ఒక భాగలో ఎనిమిదింట మూడు వంతులు 22 కళలు, 30 వికళలు. అఱువదికి మాఱుగా పదిచే గుణించినచో అదే ప్రక్రియ 3, 7, 5 అను అంకెలను వరుసగా ఇచ్చును, అదియే 0.375. మార్గము సిద్ధముగానే యుండెను, గుణకము మాత్రము పది కాలేదు.

ఆచార్యుడు దశాంశమునకు మిక్కిలి చేరువగా వచ్చిన స్థలము కర్ణానయనమున కలదు. భుజకోటులు రెండును మూడుంబావు. వాని వర్గముల కూడిక 169/8. దీనికి నిశ్శేషమైన మూలము లేదు. అంశచ్ఛేదముల గుణఫలము 1352. దానిని ఒక పెద్ద వర్గముచే, ఇచ్చట 10000చే, గుణించి ఆసన్నమూలమును గ్రహించినచో 3677. దీనిని వర్గమూలమైన 100చేతను, ఛేదమైన 8చేతను భాగింపవలెను. ఫలము 4, శేషభిన్నము 477/800. ఇది సరిగా 4.59625. ఛేదమున రెండు, అయిదు తప్ప వేఱు మూలగుణకములు లేనందుననే దశాంశము శేషము లేకుండ ముగిసినది. పెద్ద వర్గముగా పదివేలనే గైకొనుట సౌలభ్యమునకే గాని, పదవవంతుల యందలి దృష్టిచే గాదు.

ఈ నిర్ణయమునకు పరిధివ్యాసముల నిష్పత్తి సాక్ష్యము. ఆర్యభటుడు 20000 వ్యాసమునకు 62832 పరిధి చెప్పెను. భాస్కరుడు రెంటిని పదునాఱుచే అపవర్తించి 3927/1250 అని సూక్ష్మమానమును నిలిపెను. రెండును 3.1416కు సమానములే. దశాంశమును కోరువాడు రెండుచే మాత్రమే అపవర్తించి, 31416/10000 వద్ద ఆగియుండెడివాడు. ఆచార్యుడు ఆగలేదు. చిన్న ఛేదమే ఆయనకు ఇష్టము. స్థూలమానమైన 22/7 మాత్రము దశాంశమున ఎన్నటికిని ముగియదు. 142857 అను అంకెలు మరల మరల వచ్చుచుండును.

పదవవంతులకు స్థానమిచ్చిన కీర్తి అన్యులది. పదవ శతాబ్దిలోనే డమాస్కసున అల్ ఉఖ్లీదిసీ దానిని వాడెను. 1427లో సమర్ఖందున అల్ కాషీ దానిని శాస్త్రముగా తీర్చెను. 1585లో సైమన్ స్టెవిన్ ఐరోపాలో ప్రచారము చేసెను. వీరందఱికిని ఆధారమైన స్థానసంఖ్య భారతీయులది. ఆ గౌరవము మనకు తక్కువది కాదు.

1183లో, వయస్సు దాదాపు డెబ్బది యగుచుండగా, ఆచార్యుడు కరణకుతూహలమును రచించెను. కుమారుడు లక్ష్మీధరుడు యాదవరాజగు జైత్రపాలుని ఆదరమును పొందెను. మనుమడు చంగదేవుడు సింఘణుని ఆస్థాన జ్యోతిషికుడు. తాతగారి గ్రంథములను బోధించుటకై అతడు మఠమును నెలకొల్పెను. దానికి దానము లభించిన విషయము మహారాష్ట్రమున చాళీస్‌గాఁవ్ సమీపమందలి పాటణమున దొరకిన 1207 నాటి శాసనమున కలదు.