సురవరం ప్రతాపరెడ్డి

సురవరం ప్రతాపరెడ్డి (మే 28, 1896 - ఆగష్టు 25, 1953) పత్రికా సంపాదకుడు, పరిశోధకుడు, సాహితీవేత్త, సంఘసంస్కర్త, శాసనసభ్యుడు. గోలకొండ పత్రికను నడిపిన వ్యక్తిగా, ఆంధ్రుల సాంఘిక చరిత్ర గ్రంథకర్తగా ఆయన తెలుగువారందరికీ సుపరిచితుడు. నిజాం రాజ్యంలో ప్రజలకు సంపూర్ణ ప్రాతినిధ్యం గల చట్టసభ లేని కాలంలో సాంఘిక సమస్యలపై బహిరంగ చర్చకు వేదికలు కల్పించినవారిలో ఆయన ముఖ్యుడు. 1952లో వనపర్తి నియోజకవర్గం నుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు.

జననం, విద్యాభ్యాసం

ప్రతాపరెడ్డి గద్వాల సంస్థానంలోని బోరవెల్లి గ్రామంలో, మేనమామ ఇంట జన్మించాడు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. కృష్ణా, తుంగభద్రా నదుల నడుమ ఉన్న ఈ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. గద్వాల, అలంపూర్, మల్దకల్, మానవపాడు మొదలైనవన్నీ ఈ నడిగడ్డలోనివే. ఈ ప్రాంతం 2016 వరకు మహబూబ్ నగర్ జిల్లాలో ఉండి, ఆ ఏడాది ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలో చేరింది.

తుంగభద్ర ఆవలి ఒడ్డున ఉన్న కర్నూలు ఆనాడు బ్రిటిషు పాలనలో ఉండేది. ప్రతాపరెడ్డి పాఠశాల చదువు అక్కడే సాగింది. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివిన తరువాత మద్రాసు వెళ్ళి బి.ఏ., బి.ఎల్. పట్టాలు పొందాడు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఆంగ్ల భాషలలో ఆయనకు మంచి ప్రవేశం ఉండేది. నిజాం రాజ్యంలో 1880ల నుండి ఉర్దూ అధికార భాష కాగా, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఉర్దూయే బోధనా భాష అయింది. జనాభాలో సగానికి దగ్గరగా ఉన్న తెలుగువారికి కచేరీలో గాని, కళాశాలలో గాని తమ భాష వినిపించేది కాదు.

రెడ్డి వసతిగృహం

వనపర్తి సంస్థానానికి చెందిన రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి హైదరాబాదు నగర కొత్వాలుగా ఉంటూ రెడ్డి విద్యార్థుల వసతిగృహాన్ని పోషించాడు. ప్రతాపరెడ్డి 1924లో దానికి కార్యదర్శిగా బాధ్యతలు చేపట్టి చాలాకాలం కొనసాగాడు. అక్కడి గ్రంథాలయాన్ని వేల పుస్తకాలతో పెంచాడు. పల్లెల నుండి వచ్చిన విద్యార్థులు ఇక్కడే పత్రికలు చదవడం, సభలలో మాట్లాడడం అలవరచుకున్నారు.

చట్టసభ లేని రాజ్యం

హైదరాబాదు రాజ్యంలో 1893లోనే శాసన మండలి ఏర్పడినా అది ప్రధానంగా అధికారులతోను, నియమితులతోను నడిచింది. రైతుకు గాని, వెట్టి చేసే కులాలవారికి గాని, స్త్రీలకు గాని అందులో స్థానం లేదు. బహిరంగ సభ జరపాలన్నా ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. ఇందుకోసం జారీ చేసిన ఆజ్ఞ గస్తీ నిషాన్ 53 పేరుతో ప్రసిద్ధి చెందింది.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని ప్రాంగణంలో సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. అందులో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు కొందరు గేలి చేశారు. ఈ అవమానమే ఆంధ్ర జనసంఘం స్థాపనకు కారణమైంది. మాడపాటి హనుమంతరావు తదితరుల కృషితో ఆ సంఘమే తరువాత నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభగా రూపొందింది.

గోలకొండ పత్రిక

ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక 1926 మే 10న ప్రారంభమైంది. వారానికి రెండుమార్లు వెలువడే ఈ పత్రిక తరువాతి కాలంలో దినపత్రిక అయింది. సంపాదకీయం నుండి అచ్చుతప్పుల దిద్దుబాటు వరకు చాలా పనులు ఆయనే చూసుకునేవాడు. గ్రామాధికారుల దౌర్జన్యాలు, వెట్టిచాకిరీ, బాల్యవివాహాలు, అస్పృశ్యత, స్త్రీవిద్య, మాతృభాషలో బోధన వంటి విషయాలు అందులో చర్చకు వచ్చేవి. పల్లెల నుండి వచ్చే లేఖలకు పత్రికలో చోటు దొరికేది.

ప్రభుత్వం సంపాదకీయాలను ముందుగా చూపి అనుమతి పొందాలని షరతు విధించినప్పుడు, ఆయన ఆ స్థానంలో ప్రపంచ మేధావుల సూక్తులను ఏరి ప్రచురించాడు. షరతును అతిక్రమించకుండానే చెప్పదలచినది పాఠకులకు అందించిన విధానమిది.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ముడుంబ వెంకటరాఘవాచార్యులు వ్రాసినదానికి సమాధానంగా ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించాడు. ఇందులో 354 మంది కవుల వివరాలు, రచనలు ఉన్నాయి. వాదానికి వాదం కాక ఆధారాలు చూపడం ఆయన పద్ధతి. ఈ పద్ధతి ఆయన ఇతర రచనలలోనూ కనిపిస్తుంది.

ఆంధ్ర మహాసభ

నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ప్రథమ సమావేశం 1930 మార్చిలో మెదక్ జిల్లా జోగిపేటలో జరిగింది. దానికి ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. ఆ సందర్భంగానే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. తొమ్మిదేళ్ళ క్రితం గేలికి గురైన భాష ఈ సభకు కార్యక్రమ భాష అయింది.

ఈ సభలు శాసనసభలకుండే క్రమాన్నే చాలావరకు పాటించాయి. తీర్మానాలు మొదట విషయ నిర్ణయ సభకు వచ్చేవి. అక్కడ వాదోపవాదాల తరువాత బహిరంగ సభలో ఒకరు ప్రతిపాదించగా మరొకరు బలపరిచేవారు. నిర్బంధ ప్రాథమిక విద్య, వెట్టి నిర్మూలన, బాల్యవివాహాల నిషేధం, వితంతు వివాహం, అస్పృశ్యతా నివారణ వంటి విషయాలు మహాసభలలో చర్చకు వచ్చాయి. ఈ తీర్మానాలకు చట్టబలం లేదు. అయినా తమ బాధను పదిమందిలో నిలబడి చెప్పవచ్చునన్న ధైర్యం ప్రజలకు వీటి వలన కలిగింది. మతాచారాలలో ప్రభుత్వ జోక్యాన్ని వ్యతిరేకించే సనాతనులు, సంస్కరణలు ఆలస్యమవుతున్నాయనే యువకులు ఒకే పందిరి కింద వాదించుకున్నారు.

1944లో భువనగిరి సమావేశం నాటికి మహాసభలో జాతీయవాదులకు, కమ్యూనిస్టులకు మధ్య చీలిక వచ్చింది. అప్పటికి వెట్టి, భూమి సమస్యలు తీర్మానాల దశను దాటి పల్లెలలో పోరాటాలుగా మారుతున్నాయి.

సాంఘిక చరిత్ర

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రతాపరెడ్డి రచనలన్నిటిలో ప్రసిద్ధమైనది. తూర్పు చాళుక్యుల కాలం మొదలు 1907 వరకు తెలుగువారి జీవితాన్ని ఇది వివరిస్తుంది. రాజులు, యుద్ధాలకు బదులు జనుల ఆహారం, దుస్తులు, ఆటపాటలు, వృత్తులు, నమ్మకాలు, దురాచారాలు ఇందులో ప్రధాన విషయాలు. వీటి కోసం ఆయన పాల్కురికి సోమనాథుడు, శ్రీనాథుడు వంటి కవుల కావ్యాలను, శాసనాలను, విదేశీ యాత్రికుల రచనలను పరిశీలించాడు. ఆచారాలు కాలానుగుణంగా మారుతూ వచ్చాయని ఈ గ్రంథం నిరూపించింది. ఏ ఆచారమూ అనాది కాదని తెలియడం సంస్కరణవాదులకు బలమైన ఆధారమైంది. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, మొగలాయి కథలు, భక్త తుకారాం ఆయన ఇతర రచనలు.

శాసనసభ్యుడిగా

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాధీశుల అధికారం ముగిసింది. వయోజన ఓటుహక్కుతో 1952లో జరిగిన ఎన్నికలలో ప్రతాపరెడ్డి కాంగ్రెసు అభ్యర్థిగా వనపర్తి నుండి గెలుపొందాడు. మూడేళ్ళ ముందు వరకు సంస్థానంగా ఉన్న వనపర్తిలో ప్రతినిధిని ఓటర్లే ఎన్నుకున్నారు.

175 స్థానాలున్న ఈ సభలో ఆంధ్ర మహాసభ నాయకులు పలువురు కనిపించారు. 1931లో దేవరకొండ మహాసభకు అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు. షాద్ నగర్ మహాసభ అధ్యక్షుడు కొండా వెంకట రంగారెడ్డి మంత్రి అయ్యాడు. ప్రతాపరెడ్డికి మంత్రిపదవి రాలేదు. సభ్యులు ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ, ఆంగ్ల భాషలలో మాట్లాడేవారు. కౌలుదార్ల రక్షణ, ముల్కీ ఉద్యోగాలు ఆ కాలపు ముఖ్య సమస్యలు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళన సందర్భంగా హైదరాబాదులో కాల్పులు జరిగాయి. ఇరవై ఆరేళ్ళు పత్రికల ద్వారా, ప్రైవేటు సభల ద్వారా కోరిన మార్పులను చట్టంగా చేయగల సభలో ఆయనకు దక్కిన కాలం ఏడాదిన్నర లోపే.

మరణం, గుర్తింపు

శాసనసభ్యుడిగా ఉండగానే 1953 ఆగష్టు 25న, 57వ ఏట ప్రతాపరెడ్డి మరణించాడు. ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఈ పురస్కారం పొందిన మొదటి గ్రంథం ఇదే. హైదరాబాదు ట్యాంక్ బండ్ పై ఆయన విగ్రహం ఉంది. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టే బిల్లును తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో ఆమోదించింది.