జాడ చెప్పిన క్లారా బార్టన్

అమెరికాల రెడ్‌క్రాస్ పెట్టింది క్లారా బార్టన్ అని శానామందికి ఎరుకే. అంతకుముందు ఆమె చేసిన ఇంకో పని మనోళ్లకు అంతగ తెల్వదు. నా లెక్కల గదే పెద్దది.

1821ల మసాచుసెట్స్‌ల పుట్టింది. పంతులమ్మగ చేసి, తర్వాత వాషింగ్టన్‌ల సర్కారు గుమస్తా అయింది. 1861ల అంతర్యుద్ధం మొదలైతె మందులు, పట్టీలు బండ్లకెత్తుకొని సీదా యుద్ధం జరిగే కాడికే పోయింది. అంటీటమ్ కాడ ఒక తూటా ఆమె అంగీ చేతిలకెళ్లి దూసుకపోయి, ఆమె సూస్తున్న సిపాయి పానం తీసింది.

1865 వచ్చేసరికి ఇండ్లల్ల ఒక్కటే గోస. కొడుకు సచ్చిండా, ఖైదుల ఉన్నడా, చెప్పేటోడు లేడు. సచ్చిండని రుజువు లేకుంటె పెండ్లానికి పింఛను గూడ రాదు. లింకన్ సై అన్నంక క్లారా తను కిరాయికున్న కాడనే ఆఫీసు తెరిచింది. తప్పిపోయినోళ్ల పేర్లు అచ్చేయించి పోస్టాఫీసులకు, పేపర్లకు పంపింది. తిరిగొచ్చిన సిపాయిలు ఆ పేర్లు సూసి, ఫలానాయన ఎక్కడ, ఎట్ల కన్నుమూసిండో రాసేటోళ్లు. 63 వేలకు పైగ ఉత్తరాలొచ్చినయ్. 22 వేల మంది సంగతి తేలింది.

జార్జియాల ఆండర్సన్‌విల్ జైలుంది. అండ్ల పెట్టిన 45 వేల మంది యుద్ధఖైదీల్ల దగ్గర దగ్గర 13 వేల మంది ఆకలికి, రోగాలకు సచ్చిన్రు. చావుల చిట్టా రాసే పని డోరెన్స్ అట్‌వాటర్ అనే పడుచు ఖైదీకి పడ్డది. ఆయన చాటుగ ఇంకో నకలు రాసి దాచిండు. 1865ల ఆయన, క్లారా, సైన్యంవాళ్లు కలిసి పోయి, ఆ చిట్టా పట్టుకొని సమాధులకు పేర్లు రాసి పలకలు పాతిన్రు. 460 మంది దాకనే పేరు లేకుండ మిగిలిన్రు.

గంత పని చేసినాయనను సర్కారు ఏం చేసిందో చూడున్రి. తను రాసుకున్న చిట్టా తను తీస్కుంటె దొంగతనమని జైల్లేసింది! సదివితె నాకు కడుపు మండింది. బయటికొచ్చినంక, 1866ల, క్లారా సాయంతోని దాన్ని అచ్చేయించిండు.

1971 యుద్ధంల జాడ లేకుండ పోయిన మన సిపాయిల ఇంటోళ్లు గూడ యాభై ఏండ్లుగ గసొంటి ఒక్క జవాబు కోసమే సర్కారు గడపలు తొక్కుతున్నరు. వాళ్ల ఉత్తరాలకు కూసోని జవాబు రాసే క్లారా మనకేది?

1868ల ఆఫీసు మూతపడ్డది. 1912ల ఆమె పోయింది. ఆ ఇల్లు సంగతి అందరు మర్చిపోయిన్రు. 1990లల్ల కూలగొడ్దామని సూడబోతె, అటక మీద ఆమె కాయితాలు, ఆఫీసు బోర్డు దొరికినయ్. ఇప్పుడది మ్యూజియం.