మనసు విప్పిన బోధకుడు – జాన్ వెస్లీ

ధ్యానమునకు: కీర్తన 32, యాకోబు 5:13–16



జాన్ వెస్లీగారి పేరు మనలో అనేకులకు తెలియును. మెదకు సీమలో సువార్త ప్రకటించిన వెస్లియన్ మిషనరీలు ఆయనవలన పుట్టిన సమాజమునుండి వచ్చినవారే. గుఱ్ఱముమీద ఊరూర తిరిగి బోధించిన ధీరుడుగా మనమాయనను ఎరుగుదుము. అట్టివాడును ఒకప్పుడు ఒక్క మనుష్యుని యెదుట తన గుండెలోని మాట చెప్పలేకపోయెను.

ఆయన 1703లో ఇంగ్లండునందలి ఎప్‌వర్తు అను ఊరిలో ఒక గురువుగారి యింట పుట్టెను. ఆక్స్‌ఫర్డులో చదివి, తానును గురువాయెను. ఉపవాసములందు గాని, ప్రార్థనయందు గాని, ఖైదీలను దర్శించుటయందు గాని ఆయనకు లోటు లేదు. 1735లో మిషనరీగా అమెరికాయందలి జార్జియాకు ఓడ యెక్కెను.

1736 జనవరి 25న సముద్రముమీద గొప్ప తుపాను రేగెను. ఆ ఓడలోనే మొరేవియనులను జర్మను క్రైస్తవులు కూడి కీర్తన పాడుచుండిరి. ఒక అల ఓడను కప్పి పెద్ద తెరచాపను చీల్చివేసెను. ఇంగ్లీషువారు కేకలు వేసిరి. జర్మనులు పాట మానలేదు. తనకు మాత్రము చావు భయము పోలేదని వెస్లీకి తెలిసెను. ఇతరులకు ధైర్యము చెప్పవలసిన గురువు ఆ మాట ఎవరితో చెప్పుకొనును?

ఫిబ్రవరిలో జార్జియా చేరి, మొరేవియనుల పెద్దయైన స్పాంగెన్‌బర్గును సలహా యడిగెను. ఆ పెద్ద సలహాకు ముందుగా, యేసుక్రీస్తును నీవెరుగుదువా అని ప్రశ్నించెను. వెస్లీ కొంచెము తడబడి, ఆయన లోకరక్షకుడని యెరుగుదుననెను. అది తప్పు జవాబు కాదు, కాని అడిగినది అది కాదు. నిన్ను రక్షించెనని యెరుగుదువా అని మరల అడుగగా, నన్ను రక్షించుటకు చనిపోయెనని నిరీక్షించుచున్నాననెను. తన మాటలు వట్టి మాటలేమోయని తరువాత దినచర్య పుస్తకములో వ్రాసికొనెను. కాగితముతో చెప్పినది మనుష్యునితో చెప్పలేకపోయెను.

మన సాక్ష్యకూటములలో జరుగునది దీనికి దూరము కాదు. పదియేండ్ల క్రిందట జయించిన పాపమును గూర్చి గట్టిగా చెప్పుదుము. నిన్న రాత్రి నిద్రపట్టనియ్యని దిగులును దాచుకొందుము. సంఘపెద్దలమైన మాకు ఈ జబ్బు మరింత యెక్కువ. చెప్పినమాట తెల్లవారునప్పటికి ఊరంతయు పాకునను భయమును ఉత్తది కాదు.

జార్జియాలో ఆయన పని చెడెను. 1738 ఫిబ్రవరిలో ఇంగ్లండుకు తిరిగివచ్చి, పీటర్ బోలరు అను మొరేవియను బోధకుని కలిసికొనెను. ఇతడు వెస్లీకంటె తొమ్మిదేండ్లు చిన్నవాడు. మార్చి నెలలో వెస్లీ ఆ చిన్నవానితో, తనకు విశ్వాసము లేదనియు, బోధించుట మానవలెనేమో యనియు చెప్పివేసెను. బోలరు ఆయనను చులకన చేయలేదు. మానవద్దనియు, విశ్వాసము కలుగువరకు విశ్వాసమునే బోధింపుమనియు చెప్పెను. మరునాడే వెస్లీ మరణశిక్ష పొందిన యొక ఖైదీకి ఆ విశ్వాసమును బోధించెను.

మే 24న లండనులోని ఆల్డర్స్‌గేటు వీధి కూటమునకు మనసులేకయే వెళ్లెను. రోమా పత్రికకు లూథరు వ్రాసిన పీఠిక చదువుచుండగా, రాత్రి తొమ్మిదికి పావుగంట ముందు, ఆయన హృదయము వెచ్చనాయెను. తనకు కలిగినదానిని అచ్చటనే అందరికి చెప్పెను. ఇంతవరకు మన ప్రసంగములలో తరచుగా విందుము. ఆ రాత్రియే శోధనలు మరల వచ్చెననియు, ఇతరులు చెప్పిన సంతోషము తనకు రాలేదనియు ఆయన వ్రాసినది మాత్రము అంతగా వినము.

ఆ సంవత్సరము డిసెంబరులో చిన్న చిన్న కూటములకు నియమములు వ్రాసెను. కొద్దిమంది వారమునకొకసారి కూడి, తమ ఆత్మల స్థితిని, తప్పులను, శోధనలను దాచక చెప్పుకొనవలెను. మొదట ఒకడు తన సంగతి చెప్పిన పిదపనే మిగిలినవారిని అడుగవలెను. జార్జియాలో ప్రశ్న ఒకవైపునుండియే వచ్చెను గదా! 1740లో దినచర్యను అచ్చు వేయించినప్పుడు జార్జియా జవాబులను తీసివేయలేదు, విరోధులును చదివిరి.

భయము మాత్రము పూర్తిగా పోలేదు. 1766లో, అరువదిమూడేండ్ల వయస్సులో, తనలో దేవుని ప్రేమ లేదని తోచుచున్నట్లు తమ్ముడు చార్లెసుకు ఉత్తరము వ్రాసెను. అందు కొన్ని మాటలను ఇతరులు చదువలేకుండ సంకేత లిపిలో వ్రాసెను. అయినను వ్రాసి, పంపెను. ఆ తరువాత దాదాపు ఇరువదియైదేండ్లు, 1791లో కన్నుమూయువరకు, బోధించుచునే యుండెను.